తిరగని మచ్చ

మా పెదనాన్నను ఫ్యాక్టరీలో అందరూ చుక్కలాయన అనేవాళ్ళు. ఎదురుగా కాదు లెండి, ఎదురుగా సార్ అనేవాళ్ళు. ఆయన గురించి కోపం లేకుండా రాయడం నాకు చేతకాదు. ముందే చెప్పేస్తున్నాను.

ఆయన పని తెరల్లో తప్పులు వెతకడం. ఆ ఫ్యాక్టరీలో ఫోన్లకీ, కార్లకీ, ఆసుపత్రి యంత్రాలకీ టచ్‌స్క్రీన్లు తయారవుతాయి. బయటివాళ్ళకు అది ఒక గాజు పలక. మాకు మాత్రం మూడు పొరలు. కింద బొమ్మ వెలిగే పొర, దాని మీద వేలి స్పర్శ తెలిసే పొర, అన్నిటికీ పైన అద్దం. వాటి మధ్య కంటికి కనపడని జిగురు పొర. ఆ మూడూ అతుక్కుని ఒక్కటయ్యాక పెదనాన్న దగ్గరికి వచ్చేవి. నల్లగుడ్డ కట్టిన చీకటి గదిలో కూర్చుని ఆయన ఒక్కో తెరనూ వెలిగించేవాడు. తెల్లగా, నల్లగా, ఎర్రగా, ఆకుపచ్చగా, నీలంగా, చివర బూడిద రంగులో. వెలగాల్సిన చోట వెలగని చుక్క ఉన్నా, ఆరాల్సిన చోట ఆరని చుక్క ఉన్నా, అద్దం కింద నూలుపోగంత దుమ్ము ఇరుక్కున్నా, పక్కనే ఎర్ర పెన్నుతో ఓ చుక్క పెట్టేవాడు. ఆ చుక్క పడిందంటే అది ఇక తెర కాదు, చెత్త.

ఇంట్లోనూ ఆయనకు అదే పని. కడిగిన గ్లాసును వెలుతురుకు పట్టుకుని చూడనిదే నీళ్ళు తాగడు. గోడకు సున్నం వేయిస్తే సున్నం వేసినవాడు ఏడ్చుకుంటూ వెళ్ళాల్సిందే. కోడిగుడ్డు మీద ఈకలు పీకే మనిషి అని వీధిలో చెప్పుకునేవాళ్ళు. మా పెద్దమ్మయితే నవ్వుతూ అనేది, "చందమామను తెచ్చి ఈయన బల్ల మీద పెట్టామనుకో, మచ్చుందని ఎర్ర చుక్క పెట్టి పక్కన పారేస్తాడు." ఆయన కూడా నవ్వేవాడు. ఏ తప్పునూ వదలడన్న ఆ పేరు ఆయనకు ఇష్టం. అన్యాయంగా రాయను, ఆ పేరు ఆయన కష్టపడే సంపాదించుకున్నాడు.

మిగతా పరీక్షకులు పక్కన పడేసిన తెరను ఇంకొకరు మళ్ళీ చూసి ఖాయం చేయాలి, అది ఫ్యాక్టరీలో పద్ధతి. పెదనాన్న చుక్క పెట్టినదాన్ని మాత్రం ఎవరూ రెండోసారి చూసేవాళ్ళు కాదు. అలాంటి రూలు ఎక్కడా లేదు. ఏళ్ళ తరబడి ఆయన చుక్క ఒక్కసారి కూడా తప్పలేదు కాబట్టి చూడటం మానేశారు, అంతే.

కొత్తగా చేరినవాళ్ళకు పని నేర్పేది కూడా ఆయనే. మొదటిరోజు ఆయన చెప్పే పాఠం ఫ్యాక్టరీ అంతటికీ కంఠతా వచ్చు. "మచ్చ కనపడగానే పెన్ను తీయకండి. ముందు తెరను తిప్పండి. తెరతో పాటు మచ్చ కూడా తిరిగితే తప్పు తెరది. తెర తిరిగినా మచ్చ తిరక్కుండా అలాగే ఉంటే తప్పు మీ కంటిది. అప్పుడు పెన్ను కింద పెట్టి, వెళ్ళి మొహం కడుక్కోండి."

మా అమ్మకు అక్కడ ఉద్యోగం ఇప్పించింది ఆయనే. అమ్మ పెద్దమ్మకు సొంత చెల్లెలు. మా నాన్న వేరే ఊళ్ళో వేరే కాపురం పెట్టుకుని మమ్మల్ని గాలికి వదిలేశాక, మేం పెద్దమ్మ వాళ్ళ వీధిలోనే చిన్న వాటాలోకి మారాం. అమ్మకు పెద్ద చదువు లేదు. చేతులు మాత్రం ఉన్నాయి. వీధిలో ఎవరు కొత్త ఫోను కొన్నా, గీతలు పడకుండా దాని మీద పల్చటి ప్లాస్టిక్ రేకు అంటించమని అమ్మ దగ్గరికి వచ్చేవాళ్ళు. అమ్మ స్నానాల గదిలో వేడినీళ్ళు పోసి, ఆవిరి నిండాక ఫోను తీసుకుని లోపలికి వెళ్ళేది. ఆ ఆవిరికి గాల్లోని దుమ్మంతా నేలకు దిగిపోతుంది. ఊపిరి బిగబట్టి రేకు దించేది. ఒక్క బుడగ ఉండేది కాదు. ఆ కిటుకు ఎవరూ నేర్పలేదు, తనంతట తను కనిపెట్టుకుంది. అలా అంటించిన ఫోనొకటి పెదనాన్న చేతిలో పడింది. అటూ ఇటూ తిప్పి చూశాడు, వెలుతురుకు పట్టుకుని చూశాడు, తప్పు దొరకలేదు. ఆ వారంలోనే అమ్మను తీసుకెళ్ళి జిగురు బల్ల దగ్గర కూర్చోబెట్టాడు.

ఆ ఉద్యోగాన్ని అమ్మ నెత్తిన పెట్టుకుంది. తల నుంచి కాలి దాకా తెల్లటి ముసుగు, బయటికి కనపడేవి కళ్ళే. చేతికి రాసుకునే క్రీము మానేసింది, గోళ్ళు మొదలంటా కత్తిరించింది, ఉన్న ఒక్క ఉంగరం తీసి డబ్బాలో వేసింది. సాయంత్రం ఇంటికి వచ్చి అరచేతులు నా ముందు చాపి అడిగేది, "ఎలా ఉన్నాయే నా చేతులు?" నేను పెదనాన్నలా ఒక కన్ను మూసి పరీక్షగా చూసి, "పాస్" అనేదాన్ని. అదొక ఆట మాకు. ఆ రోజుల్లో నవ్వినంతగా అమ్మ నవ్వడం తర్వాత నేను చూడలేదు.

ఒక్కో జిగురు బల్ల నుంచి వచ్చే తెరలు ఒక్కో పరీక్షకుడి దగ్గరికి వెళ్ళేవి. అమ్మ బల్ల తెరల్ని తన దగ్గరికే పంపమని పెదనాన్న అడిగి మరీ పెట్టించుకున్నాడు. "కొత్త మనిషి, ఏదైనా పొరపాటుంటే నేనే దగ్గరుండి దిద్దుకుంటాను" అన్నాడట. మంచికే అన్నాడు. ఆ మంచే మా కొంప ముంచింది.

ఒక రోజు అమ్మ పంపిన తెరలో నిజంగానే మచ్చ ఉంది. జిగురు సరిగా పరుచుకోక పొగలాంటి మరక. అమ్మే ఒప్పుకుంది. అలాంటిది ఎవరికైనా ఎప్పుడో ఒకప్పుడు వస్తుంది. కానీ పెదనాన్న మనసులో అనుమానం పడింది. మామూలుగా ఆయన రెండు కళ్ళతో చూసేవాడు, అనుమానం వస్తేనే చిన్న భూతద్దం కుడికంటికి ఆనించి, ఎడమకన్ను మూసి చూసేవాడు. ఆ రోజు నుంచి అమ్మ తెరలన్నిటికీ భూతద్దం తీశాడు. తీసిన ప్రతిసారీ బూడిద రంగు మీద సన్నటి మచ్చ కనిపించింది. బొటనవేలి ముద్ర ఆకారంలో, కాస్త వాలుగా. ఎర్ర చుక్క పెట్టాడు. మర్నాడూ పెట్టాడు. తర్వాత రోజూ పెట్టాడు.

ఒక్కసారి, ఒకే ఒక్కసారి తెరను తిప్పి చూసి ఉంటే ఈ కథ ఉండేది కాదు. తిప్పి చూడటం కొత్తవాళ్ళు చేసే పని అనుకున్నాడు ఆయన. ఊరందరికీ నేర్పిన పాఠం తనకు అక్కర్లేదనుకున్నాడు.

అమ్మకు పిచ్చెక్కినంత పనైంది. చేతి తొడుగులు మార్చింది, బల్ల మార్చమని అడిగింది, జిగురు పొర కొత్త చుట్ట తెప్పించుకుంది. ఇంటికి వచ్చి చేతులు సబ్బుతో కడిగి, మళ్ళీ కడిగి, తెల్లకాగితం మీద రుద్ది చూసుకునేది. మా ఆటలో ఇప్పుడు నేను "పాస్" అంటే నమ్మేది కాదు. "సరిగ్గా చూడవే" అని కసిరేది. ఓ ఆదివారం ఆగలేక పెదనాన్ననే అడిగింది.

"బావగారూ, ఎక్కడ తప్పు చేస్తున్నానో ఒక్కసారి దగ్గరుండి చూపించండి. మీ కాళ్ళు పట్టుకుంటాను."

"చూపించేదేముందమ్మాయ్. ధ్యాస లేదు నీకు. చేతులు శుభ్రంగా ఉంచుకో" అన్నాడు ఆయన, గ్లాసు వెలుతురుకు పట్టుకుని చూస్తూ.

కొన్నాళ్ళకు సూపర్‌వైజర్ ఇద్దర్నీ పిలిచాడు. ఆయన చెడ్డవాడేం కాదు. అమ్మను తీసేయాలంటే ఆయనకూ మనసు ఒప్పలేదు. పెదనాన్నతో, "సార్, ఎంతైనా మీ మరదలు. నాలుగు తెరలు వేరేవాళ్ళకు ఇచ్చి మళ్ళీ చూపిద్దామా? వాళ్ళకూ కనపడితే అప్పుడే తీసేద్దాం" అన్నాడు. అమ్మ అక్కడే నిలబడి ఉంది. పెదనాన్న సరే అంటే చాలు. ఒక్క మాట.

"నా చుక్క మీద ఇంకొకరి కన్నెందుకు? అక్కర్లేదు" అన్నాడు పెదనాన్న. "చేతులు శుభ్రంగా లేకపోతే మరదలైతే ఏంటి, ఇంకొకరైతే ఏంటి?"

అమ్మను ఆ రోజే పంపేశారు. ఫ్యాక్టరీలో పెదనాన్న పేరు ఆకాశానికెక్కింది. సొంత మనిషని కూడా చూడలేదు, మనిషంటే ఆయనే అని క్యాంటీన్లో చెప్పుకున్నారు. అమ్మ వెళ్ళాక ఆ మచ్చలు ఆగిపోయాయి. ఒక్కటంటే ఒక్కటి రాలేదు. చూశారా, తప్పు ఆమె చేతుల్లోనే ఉంది అని అందరికీ రూఢి అయిపోయింది. అమ్మక్కూడా. అదే నాకు ఇప్పటికీ మింగుడు పడనిది. అమ్మ కూడా నమ్మేసింది.

చుట్టుపక్కల ఇంకే ఫ్యాక్టరీలోనూ అమ్మను తీసుకోలేదు. ఫలానా చోట చేతులు శుభ్రంగా లేవని తీసేశారట అన్న మాట అమ్మకంటే ముందే అక్కడికి చేరేది. చివరికి ఒక హోటల్ లాండ్రీలో దుప్పట్లు ఇస్త్రీ చేసే పని దొరికింది. ఎవరింటికైనా వెళ్తే మంచినీళ్ళ గ్లాసు అందుకునే ముందు కొంగుకు చేతులు తుడుచుకోవడం అలవాటైంది. వీధిలో ఫోను తెచ్చి రేకు అంటించమంటే, "నా చేతులు బాగోవమ్మా" అని పంపేసేది. నా ముందు మళ్ళీ ఎప్పుడూ అరచేతులు చాపలేదు.

పెదనాన్న మాత్రం మా ఇంటికి రావడం మానలేదు. వచ్చి కారే కుళాయి బిగించేవాడు, నా పుస్తకాలకు అట్టలు వేసేవాడు, తలుపు గడియకు నూనె పోసేవాడు. ఎంత మంచి బావ అని అమ్మ ఆయన్నే మెచ్చుకునేది. ఏళ్ళు గడిచేకొద్దీ ఆయన అమ్మతో మాట్లాడుతూ గోడ వైపో, గుమ్మం వైపో చూడటం మొదలుపెట్టాడు. "తీసేయించింది తనేనని ముఖం చాటేస్తున్నాడు పాపం" అనేది అమ్మ. ఆ "పాపం" అన్న మాట తలచుకుంటే నాకు ఇప్పుడు ఒళ్ళు మండుతుంది.

నేను పెద్దయ్యాక అదే ఫ్యాక్టరీలో చేరాను. అమ్మకు ఇష్టం లేదు, కానీ మా ఊళ్ళో ఆడపిల్లకు అంతకంటే మంచి జీతం ఇంకెక్కడా లేదు. అప్పటికి పెదనాన్న కొత్తవాళ్ళకు నేర్పే పని ఇంకొకావిడకు అప్పగించాడు. ఆవిడ శిక్షణ గదిలో గోడకు తగిలించిన పాత తెరల్ని వరుసగా చూపించింది. ఇది చచ్చిన చుక్క, ఇది దుమ్ము, ఇది బుడగ. చివర ఉన్న తెర దగ్గరికి వచ్చి గొంతు తగ్గించింది.

"ఇది అన్నిటికంటే కష్టమైన మచ్చ. చుక్కలాయన పట్టుకున్నది. ఇది మీకు కనపడిన రోజు మీకు కన్ను వచ్చినట్టు."

బూడిద రంగులో వెలిగించింది. ఎర్ర చుక్క ఉంది. పక్కన మచ్చ లేదు. మాలో ఒకరు కళ్ళు చికిలించి, "ఆఁ, ఇప్పుడు కొంచెం కనిపిస్తోంది" అన్నారు. ఇంకొకరూ అన్నారు. నాకు కనపడలేదు. తెరను గోడ నుంచి తీసి, పాఠం ప్రకారం తిప్పాను. ఏమీ లేదు. వెనక్కి తిప్పితే బల్ల నంబరు అంటించి ఉంది. చిన్నప్పుడు అమ్మ నోట విన్న నంబరే, అది అమ్మ బల్ల.

ఆవిడను అడిగాను, మీకు కనపడిందా అని. "ఆయనకు కనపడింది కదమ్మా. ఆ తర్వాత పాపం సారు కుడికన్ను అలిసిపోయిందని భూతద్దం ఎడమకంటికి మార్చుకున్నారు" అంది. ఎప్పుడు మార్చారు అన్నాను. "మీ అమ్మను తీసేసిన కొత్తలోనే" అంది ఆవిడ. ఆ మాటలో ఏముందో ఆవిడకు తెలియదు.

అదే నెలలో ఫ్యాక్టరీకి కెమెరా వచ్చింది. మనుషుల బదులు తెరల్ని అదే చూస్తుంది. దాన్ని బిగించడానికి వచ్చిన ఇంజనీరును బతిమాలి, ఆ పాత తెరను దాని కింద పెట్టించాను. తప్పేం లేదని పచ్చలైటు వెలిగింది. మళ్ళీ పెట్టించాను. మళ్ళీ పచ్చలైటే.

ఆ సాయంత్రం నేరుగా పెద్దమ్మ దగ్గరికి వెళ్ళాను. పెదనాన్న ఇంట్లో లేడు. నేను సగం చెప్పేసరికే పెద్దమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. అప్పుడే తెలిసింది నాకు, ఆవిడకు ఇది కొత్త సంగతి కాదని.

"సూపర్‌వైజర్ పిలిచాడు చూడు, దానికి ముందురోజే. ఆయన చొక్కాకి గుండీ ఊడితే కుట్టిద్దామని, సూదిలో దారం ఎక్కించి ఇవ్వమన్నానే. ఎడమకన్ను మూసి చూశాడు. బెజ్జం దొరకలేదు. గోడ వైపు చూశాడు. తల ఇటు తిప్పాడు, అటు తిప్పాడు. చేతిలో సూది అలాగే పట్టుకుని కూర్చుండిపోయాడు. ఏమైందండీ అంటే, మచ్చ నా కంట్లోనే ఉందే అన్నాడు."

"ముందురోజే తెలుసా?" అన్నాను.

"పొద్దున్న చెప్తానన్నాడు. నిజంగా అన్నాడే. నేనే… నేనే అన్నాను, చెప్తే మీ ఉద్యోగం పోతుంది, చెల్లి చిన్నది, ఇంకెక్కడైనా చేరుతుంది అని." పెద్దమ్మ ఏడ్చింది. నేను ఓదార్చలేదు.

ఆయన చేసిందల్లా భూతద్దాన్ని ఒక కంటి నుంచి ఇంకో కంటికి మార్చుకోవడం. మచ్చలు ఆగిపోయాయి. అమ్మ నేరం రుజువైంది. అంత చిన్న పని.

కెమెరా పని మొదలుపెట్టగానే పరీక్షకులందరితో పాటు పెదనాన్ననూ ఇంటికి పంపేశారు. పోయేటప్పుడు పూలదండ కూడా వేశారు. అమ్మకు నేను ఆ ఆదివారం చెప్పాను. నా దుప్పటి ఇస్త్రీ చేస్తోంది. నేను చెప్తున్నంతసేపూ ఇస్త్రీపెట్టె ఆపలేదు. అంతా అయ్యాక దుప్పటి నాలుగు మడతలు పెట్టి, పెట్టె ప్లగ్గు తీసి, వెళ్ళి చేతులు కడుక్కుంది. తుడుచుకోకుండానే చెప్పులు వేసుకుంది. "పద" అంది.

పెదనాన్న ముందుగదిలో కుర్చీలో కూర్చుని ఉన్నాడు. మమ్మల్ని చూసి లేవబోయాడు. అమ్మ కూర్చోలేదు.

"బావగారూ, మచ్చ మీ కంట్లో ఉందని ఆ రోజే మీకు తెలుసా?"

ఆయన గుమ్మం వైపు చూశాడు. పెద్దమ్మ లోపలి నుంచి వచ్చి గోడకు ఆనుకుని నిలబడింది.

"నా ముఖం చూసి చెప్పు" అంది అమ్మ. ఆయన్ను ఆమె నువ్వు అనడం నేను వినడం అదే మొదటిసారి.

పెదనాన్న మెల్లగా ముఖం తిప్పి, సూటిగా అమ్మ వైపు పెట్టాడు. ఆయన కళ్ళు అమ్మ ముఖం మీదే ఉన్నాయి, అయినా ఎక్కడా ఆనలేదు.

"తెలుసు" అన్నాడు. "ముఖం చూసి చెప్పమంటే… సూటిగా చూస్తే నీ ముఖం కనపడదమ్మాయ్. ఎడమకన్ను కూడా మెల్లగా పోయింది, తెరల్నీ పక్కచూపుతోనే చూసి నెట్టుకొచ్చాను. పక్కకు చూస్తేనే నువ్వు కొంచెం కనిపిస్తావు. నేను ముఖం చాటేయడం లేదు. నిన్ను చూడటానికే అటు చూస్తాను."

నాకు ఆ క్షణంలో ఆయన మీద జాలి కలగలేదు. కలగాలేమో, నాకు తెలియదు. ఇన్నేళ్ళూ మా అమ్మ జాలి పడింది కదా, ఆ ఇంటికి అది చాలు అనిపించింది.

అమ్మ ఆయనకు దగ్గరగా వెళ్ళింది. ఇంకా తడి ఆరని అరచేతులు రెండూ ఆయన కళ్ళ ముందు చాపింది. నా చిన్నప్పుడు నా ముందు చాపినట్టే.

"చూడు. ఎలా ఉన్నాయి నా చేతులు?"

"మచ్చ కనిపిస్తోంది" అన్నాడు పెదనాన్న.

అమ్మ చేతుల్ని ఒకసారి అటు తిప్పింది, మళ్ళీ ఇటు తిప్పింది.

"తిప్పాను. మచ్చ తిరిగిందా?"

"లేదు" అన్నాడు. "తిరగలేదు."

అమ్మ చేతులు కొంగుకు తుడుచుకుంది. మేమిద్దరం ఇంటికి వచ్చేశాం.